బ్రాయిలర్ పిల్లల మేతలో ఖనిజాలు: ఎంత వేయాలి, ఎలా కలపాలి, ఎక్కడ ఆపాలి

పిల్లలు కాళ్ల మీద నిలబడటం లేదంటే చాలామంది మొదట చేసే పని డీసీపీ, అంటే క్యాల్షియం, భాస్వరం ఇచ్చే డైక్యాల్షియం ఫాస్ఫేట్ పొడి, బస్తా మూతి విప్పడం. నష్టం మొదలయ్యేది అక్కడే. క్యాల్షియం, భాస్వరం అవసరానికి మించితే పేగులో మాంగనీసు, జింకు సరిగా ఒంటబట్టవు. మాంగనీసు తగ్గితే కాలి మధ్య కీలు వాచి, వెనకనుండే స్నాయువు పక్కకు జారిపోతుంది. అంటే కాళ్లు పోతున్నాయని వేసిన డీసీపీయే కాళ్లు తీస్తుంది. అది చూసి ఇంకో దోసెడు వేస్తారు. ఖనిజాల విషయంలో కొరత కంటే లెక్క లేకుండా పైపైన కలపడమే ఎక్కువ చేటు చేస్తుంది.

వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు కంపెనీ కాంట్రాక్టు మీద షెడ్డు నడిపేవాళ్లు ఖనిజాల కోసం చేయాల్సింది ఒక్కటే: ఏమీ కలపకుండా ఉండటం. కంపెనీ ఫీడ్‌లో అన్నీ లెక్క ప్రకారం వేసే వస్తాయి. దానికి తోడు నీళ్లలో క్యాల్షియం టానిక్ పోస్తే ఆ లెక్క చెడుతుంది. కింద రాసిందంతా మక్కలు, సోయా కొని సొంతంగా ఫీడ్ కలుపుకునేవాళ్ల కోసం.

మొదటి 10 రోజుల లెక్క

40 గ్రాములున్న పిల్ల వారం తిరిగేసరికి నాలుగింతలు దాటుతుంది. ఎముక అంత వేగంగా పెరిగే దశ మళ్లీ రాదు. ఈ 10 రోజుల్లో ఒక్కో పిల్ల తినేది సుమారు 300 గ్రాములే. వెయ్యి పిల్లలకు 300 కిలోల ప్రీస్టార్టర్, అంటే ఈ మొదటి 10 రోజుల మేత, చాలు. కాబట్టి ఇక్కడ మంచి సరుకు వాడితే పెద్ద ఖర్చేమీ కాదు.

ప్రీస్టార్టర్‌లో క్యాల్షియం 0.95 శాతం, ఒంటబట్టే భాస్వరం 0.45 శాతం ఉండాలి. రెండింటి నిష్పత్తి రెండుకు ఒకటి చొప్పున నిలబడాలి. మొత్తం భాస్వరం వేరు, ఒంటబట్టే భాస్వరం వేరు. గింజల్లోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగుసుకొని ఉంటుంది. దాన్ని విడగొట్టే శక్తి కోడిపిల్ల పేగుకు దాదాపుగా లేదు.

100 కిలోల ప్రీస్టార్టర్‌కు ఈ పాళ్లు పనికొస్తాయి: మక్కలు 53.5 కిలోలు, సోయా డీవోసీ అంటే నూనె తీసిన సోయా పిండి 39 కిలోలు, నూనె 3 కిలోలు, డీసీపీ 1.8 కిలోలు, సున్నపురాయి పొడి అంటే ఎల్ఎస్‌పీ 1.1 కిలోలు, ఉప్పు 250 గ్రాములు, తినే సోడా 250 గ్రాములు, మిథియోనిన్ 300 గ్రాములు, లైసిన్ 250 గ్రాములు, త్రియోనిన్ 100 గ్రాములు, సూక్ష్మ ఖనిజాల ప్రీమిక్స్ (ముందే పాళ్లలో కలిపి అమ్మే పొడి) 100 గ్రాములు, విటమిన్ ప్రీమిక్స్ 50 గ్రాములు, కోలిన్ క్లోరైడ్ 100 గ్రాములు, కాక్సీడియా అనే పేగు జబ్బు రాకుండా వేసే మందు 50 గ్రాములు, బూజు విషాలను పట్టేసే టాక్సిన్ బైండర్ 150 గ్రాములు. చివరి ఐదింటిలో కంపెనీని బట్టి మోతాదు మారుతుంది, బస్తా మీద రాసినదే పాటించి తేడాను మక్కల్లో సరిచేసుకోండి.

డీసీపీ 1.8 కిలోలే ఎందుకో ఒకసారి లెక్క వేస్తే, రేపు సరుకు మారినా మీరే సరిచేసుకోగలుగుతారు. మక్కల్లో క్యాల్షియం 0.02 శాతం, ఒంటబట్టే భాస్వరం 0.08 శాతం. సోయాలో క్యాల్షియం 0.3, ఒంటబట్టే భాస్వరం 0.22. పై పాళ్లలో ఈ రెండూ కలిపి ఇచ్చే క్యాల్షియం 128 గ్రాములు, భాస్వరం 129 గ్రాములు. మనకు కావలసింది 950, 450. ముందు భాస్వరం తేల్చాలి, ఎప్పుడైనా వరస ఇదే. 450లో 129 పోతే 321 గ్రాములు తక్కువ. డీసీపీలో భాస్వరం 18 శాతం కాబట్టి 1.8 కిలోలు వేస్తే 324 గ్రాములు వస్తుంది. అదే డీసీపీ 23 శాతం చొప్పున 414 గ్రాముల క్యాల్షియం కూడా తెస్తుంది. 950లో 128, 414 తీసేస్తే మిగిలింది 408. ఎల్ఎస్‌పీలో క్యాల్షియం 37 శాతం, అంటే 1.1 కిలోలు. లెక్క ముగిసింది.

మీకు దొరికిన డీసీపీలో భాస్వరం 16 శాతమే అని రాసుంటే 2 కిలోలు వేయాలి. ఎంసీపీ (మోనోక్యాల్షియం ఫాస్ఫేట్) దొరికితే భాస్వరం 22 శాతం, క్యాల్షియం 16 శాతం ఉంటుంది, అప్పుడు ఎంసీపీ 1.5 కిలోలు, ఎల్ఎస్‌పీ 1.6 కిలోలు. 11వ రోజు నుంచి 21వ రోజు దాకా వేసే స్టార్టర్ మేతలో క్యాల్షియం 0.85 శాతం, ఒంటబట్టే భాస్వరం 0.42 శాతం చాలు. మక్కలు 57, సోయా 35 కిలోల మేర వేసే ఫీడ్‌లో డీసీపీ 1.65 కిలోలు, ఎల్ఎస్‌పీ 950 గ్రాములు పడతాయి.

ఫైటేట్‌ను విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ వాడేవాళ్లు డీసీపీ తగ్గించాలి, తగ్గించకపోతే ఎంజైమ్‌కు పెట్టిన డబ్బు దండగ. కిలో ఫీడ్‌కు 500 యూనిట్లు పడేలా వేస్తే 0.12 శాతం భాస్వరం, దాదాపు అంతే క్యాల్షియం విడుదలవుతుందని లెక్క కట్టవచ్చు. గ్రాముకు 5000 యూనిట్ల పొడి అయితే 100 కిలోలకు 10 గ్రాములు. అప్పుడు డీసీపీ 1.1 కిలోలకు దిగుతుంది, ఎల్ఎస్‌పీ 1.2 కిలోలకు పెరుగుతుంది. ఎల్ఎస్‌పీ మరీ పౌడర్‌లా మెత్తగా ఉంటే పేగులో ఒక్కసారిగా కరిగి ఫైటేట్‌ను పట్టేసుకుంటుంది, ఎంజైమ్ పని దెబ్బతింటుంది. సన్న రవ్వలా ఉన్నది మేలు. లేయర్, అంటే గుడ్ల కోళ్లకు వేసే గరుకు గ్రిట్ మాత్రం పిల్లలకు వద్దు.

సరుకు చూసుకోవడం

డీసీపీ ఖరీదైనది, ఎల్ఎస్‌పీ చవకది, రెండూ తెల్లగానే ఉంటాయి. మోసం ఎక్కడ జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. గాజు గ్లాసులో చెంచాడు డీసీపీ వేసి వెనిగర్ పోయండి. కొద్దిపాటి బుడగలు వచ్చి ఆగితే పర్వాలేదు. సోడా కాయలా పొంగితే అందులో సున్నపురాయి పొడి కలిసినట్టే.

ఎల్ఎస్‌పీని ఇంకో రకంగా చూడాలి. ఇందులో కల్తీ ఇసుక, రాతి పొడి. 10 గ్రాములు కచ్చితంగా తూచి గాజు పాత్రలో వేయండి. మూడు వంతుల నీళ్లలో ఒక వంతు మ్యూరియాటిక్ యాసిడ్ కలిపి, దాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉంచండి. నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఆరుబయట, గ్లవ్స్ వేసుకొని చేయండి. అడుగున మిగిలినదాన్ని కడిగి, ఆరబెట్టి తూచితే అది ఇసుక. స్వచ్ఛమైన సున్నపురాయిలో క్యాల్షియం 40 శాతం. గ్రామున్నర ఇసుక మిగిలితే మీ పొడిలో 34 శాతానికి మించి లేదు, 37 అని లెక్క కట్టకూడదు.

కరీంనగర్ క్వారీల దగ్గర గ్రానైట్ పొడి ఊరికే దొరుకుతుంది. దాంట్లో కోడికి పనికొచ్చే క్యాల్షియం లేదు. మార్బుల్ పొడి పేరుతో వచ్చేది డోలమైట్ అయితే మెగ్నీషియం ఎక్కువై పిల్లలు పలుచగా రెట్టవేస్తాయి. ఎరువుల దుకాణంలోని సూపర్ ఫాస్ఫేట్, రాక్ ఫాస్ఫేట్‌లలో ఫ్లోరిన్ ఎక్కువ, అవి పొలానికే. గోడకు వేసే సున్నం కూడా మేతలో వేసేది కాదు.

తవుడు గురించి ఒక అపోహ ఉంది. రైస్ మిల్లులు ఇన్ని ఉన్నచోట నూనె తీసిన తవుడు చవకగా దొరుకుతుంది, దాంట్లో భాస్వరం నిండుగా ఉందని ల్యాబ్ రిపోర్టు కూడా చెబుతుంది. అదంతా మొత్తం భాస్వరం. అందులో ఎక్కువ భాగం ఫైటేటే, పైగా అది జింకునూ క్యాల్షియంనూ పట్టుకుంటుంది. మొదటి మూడు వారాలు తవుడు జోలికి వెళ్లకపోవడం మంచిది. ఎండు చేపల పొడి ఇంకా ప్రమాదం. 10 శాతం ఉప్పున్న చేప 5 కిలోలు వేస్తే అరకిలో ఉప్పు పడినట్టు. మన లెక్కలోని మొత్తం ఉప్పుకు అది రెట్టింపు.

ఉప్పు, తినే సోడా, బోరు నీళ్లు

సోడియం 0.18 నుంచి 0.20 శాతం దగ్గర ఉంటే చాలు. ఉప్పులో సోడియం 39 శాతం, తినే సోడాలో 27 శాతం. పైన చెప్పిన 250 గ్రాముల ఉప్పు, 250 గ్రాముల సోడా, గింజల్లో ఉన్నది కలిపి 0.185 శాతం అవుతుంది. సోడియం మొత్తం ఉప్పు నుంచే తీసుకుంటే క్లోరిన్ పెరిగిపోతుంది, ఎందుకంటే లైసిన్, కోలిన్‌లతోనూ క్లోరిన్ వస్తుంది. సోడా వేసేది అందుకే.

ఉప్పు మరిచిపోతే పిల్లలు మేత తగ్గించి, పెరుగుదల ఆగి, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఎక్కువైతే నీళ్లు విపరీతంగా తాగి, ఊక తడిసి ముద్దవుతుంది, పొట్టలో నీరు చేరి చనిపోతాయి. నీళ్లలో ఎక్కువైన ఉప్పు మేతలో ఎక్కువైనదానికంటే తొందరగా చంపుతుంది. అందుకే నీళ్లలో ఉప్పు కలపకండి.

బోరు నీళ్ల రిపోర్టు చేతిలో ఉంటే సోడియం అంకె చూడండి. పిల్ల కిలో మేతకు దాదాపు 2 లీటర్ల నీళ్లు తాగుతుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల సోడియం ఉంటే కిలో మేతకు 300 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం నీళ్లతోనే లోపలికి పోతుంది. ఆ మేరకు 100 కిలోలకు 75 గ్రాముల ఉప్పు తగ్గించాలి. నీళ్ల కఠినత్వం గురించి మాత్రం మేత లెక్క మార్చకండి. కఠినత్వం 500 ఉన్నా దాంట్లో వచ్చే క్యాల్షియం 0.04 శాతానికి మించదు. గట్టి నీళ్లతో అసలు ఇబ్బంది నిపుల్స్ గారపట్టి నీళ్లు సరిగా రాకపోవడం, నీళ్లలో వేసిన మందులు పనిచేయకపోవడం.

సూక్ష్మ ఖనిజాల ప్రీమిక్స్

వీటిని విడివిడిగా కొని ఇంట్లో తూచడం వద్దు. సెలీనియం కిలో ఫీడ్‌కు 0.3 మిల్లీగ్రాములు కావాలి, కొన్ని మిల్లీగ్రాములకే విషం. ప్రీమిక్స్ కొనండి, కొనేముందు వెనకాల లేబుల్ చదవండి. టన్నుకు కిలో వేసే ప్రీమిక్స్ అయితే కిలోలో జింకు 80 నుంచి 100 గ్రాములు, మాంగనీసు 90 నుంచి 120, ఇనుము 40 నుంచి 50, రాగి 10 నుంచి 15, అయోడిన్ 1 గ్రాము పైన, సెలీనియం 0.3 గ్రాములు కనబడాలి. టన్నుకు అరకిలో వేసేదైతే ఈ అంకెలు రెట్టింపు ఉండాలి. అంకెలు లేకుండా మినరల్ మిక్చర్ అని మాత్రమే రాసుంటే, లేదా పశువులకు వేసే మిక్చర్ అయితే పక్కన పెట్టేయండి. పశువుల మిక్చర్‌లో క్యాల్షియం, భాస్వరమే ప్రధానం, పిల్లకు కావలసిన పాళ్లు అందులో ఉండవు.

బూజు పోవడానికని నీళ్లలో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ప్రీమిక్స్‌లో రాగి ఇప్పటికే ఉంది. మోతాదు మించితే కందనకాయ లోపలి పొర పుండుపడుతుంది, ఇనుప డ్రింకర్లూ తినేస్తుంది.

కలపడం

100 గ్రాముల ప్రీమిక్స్‌ను వంద కిలోల కాంటా మీద తూచలేరు. గ్రాము తేడా చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాంటా ఒకటి కొనుక్కోండి, ఈ పని మొత్తంలో అన్నిటికంటే ఉపయోగపడే వస్తువు అదే.

తూచిన ప్రీమిక్స్‌ను ముందు కిలో మక్క పిండిలో చేత్తో బాగా కలపండి. దాన్ని 5 కిలోల పిండిలో, ఆ ఐదింటిని 20 కిలోల్లో కలిపి, ఆ తర్వాతే మొత్తంలో వేయండి. ఉప్పు, సోడా, మిథియోనిన్, లైసిన్ కూడా ఇలాగే. విటమిన్ ప్రీమిక్స్, కోలిన్ క్లోరైడ్ రెండింటినీ ఖనిజాలతో ఒకే గిన్నెలో కలిపి ఉంచకండి. కోలిన్ గాలిలోని తేమను లాగుతుంది, ఆ తేమలో సల్ఫేట్ ఖనిజాలు విటమిన్లను పాడుచేస్తాయి. వేర్వేరు గిన్నెల్లో పిండితో పలుచన చేసి, మిక్సర్‌లోనే కలవనివ్వాలి.

అడ్డంగా తిరిగే రిబ్బన్ మిక్సర్‌లో సగం మక్కలు, సోయా, వాటి మీద డీసీపీ, ఎల్ఎస్‌పీ, తర్వాత పలుచన చేసినవి, మిగిలిన మక్కలు వేసి 3 నిమిషాలు పొడిగా తిప్పండి. నూనె ఆఖరున పోసి మరో 2, 3 నిమిషాలు. నిలువు మిక్సర్‌కు 12 నుంచి 15 నిమిషాలు కావాలి. ముందుగానే నూనె పోస్తే ఖనిజాలు ఉండలు కట్టి అక్కడక్కడే ఉండిపోతాయి. నేల మీద పారతో కలిపేవాళ్లు కుప్పను ఒకచోట నుంచి ఇంకోచోటికి కనీసం ఐదుసార్లు తిరగేయాలి. నాలుగు చోట్ల నుంచి పిడికెడు తీసి నల్లటి కాగితం మీద పరిచి చూడండి, తెల్లటి చుక్కలు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే ఇంకా కలవలేదు.

పిండి ఫీడ్‌లో ఖనిజాలు బరువు కాబట్టి ఫీడర్ అడుగుకు దిగుతాయి. పైన పైన పోస్తూ పోతే అడుగున ఉప్పు, ఎల్ఎస్‌పీ పేరుకుంటాయి. రోజుకోసారి ఫీడర్ ఖాళీ అయ్యేదాకా తిననిచ్చి, అప్పుడు కొత్తది పోయండి.

వానకాలంలో ప్రీమిక్స్ సంచిని చెక్క బల్ల మీద, గోడకు తగలకుండా పెట్టాలి. మూతి విప్పిన సంచిని గాలి తీసి కట్టేయండి. గడ్డకట్టిన ప్రీమిక్స్‌ను దంచి వేస్తే పాళ్లు సమంగా పడవు. కలిపిన ఫీడ్‌ను రెండు వారాల లోపే వాడేయండి.

కాళ్లు పడితే ఏం చూడాలి

ముందుగా ముక్కు వంచి చూడండి. రబ్బరులా వంగితే, కాలి ఎముక విరిచినప్పుడు పటుక్కుమనకుండా వంగిపోతే అది రికెట్స్. క్యాల్షియం, భాస్వరం, డీ3 విటమిన్‌లలో ఏదో ఒకటి అందడం లేదు. మూడింటిలో ఏదని బయటికి చూసి తేల్చడం కష్టం. కిలో ఫీడ్‌కు డీ3 3000 నుంచి 5000 ఐయూ పడాలి, పాత స్టాకు విటమిన్‌లో అది తగ్గిపోయి ఉంటుంది.

ముక్కు గట్టిగానే ఉండి, ఒక కాలు పక్కకు తిరిగి కీలు ఉబ్బితే మాంగనీసు వైపు అనుమానించాలి. కోలిన్, బయోటిన్ తగ్గినా ఇలాగే ఉంటుంది. జారిన స్నాయువు వెనక్కి రాదు, మిగతా పిల్లలను కాపాడుకోవడమే. ఈకలు సరిగా రాక, చిట్లి, అరికాళ్లు పగిలితే జింకు తక్కువైనట్టు. పొట్ట కింద చర్మం నీలి ఆకుపచ్చ రంగులో ఉబ్బి నీరు దిగితే సెలీనియం, ఇ విటమిన్ తక్కువైనట్టు. మొదటి పది రోజుల్లో చనిపోయిన పిల్లను కోస్తే గుండె, కాలేయం మీద సుద్ద పూసినట్టు తెల్లగా ఉంటే అది గౌట్. క్యాల్షియం మించడం, బ్రూడింగ్‌లో, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే మొదటి రోజుల్లో, నీళ్లు అందకపోవడం, సోడా ఎక్కువవడం ముఖ్య కారణాలు. లేయర్ ఫీడ్‌లో 3.5 శాతానికి పైగా క్యాల్షియం ఉంటుంది, పొరపాటున ఆ బస్తా పిల్లలకు పోస్తే ఇదే జరుగుతుంది.

లెక్కంతా సరిగా ఉండి కూడా రికెట్స్ వస్తే మక్కల వైపు చూడండి. వానకాలం పంట కోతకొచ్చే రోజుల్లో తడిసి, సరిగా ఆరకుండా మార్కెట్‌కు వచ్చిన మక్కల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పెరుగుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. డీ3 పనికొచ్చే రూపంలోకి మారడం మొదలయ్యేది కాలేయంలోనే. తేమ 14 శాతం దాటిన మక్కలు ప్రీస్టార్టర్‌కు కొనకండి. కాక్సీడియా వచ్చి పేగు పొర దెబ్బతిన్నా ఖనిజాలు ఒంటబట్టవు.

మే నెలలో రామగుండం, వరంగల్ ఎండలకు కోళ్లు నోరు తెరిచి రొప్పుతాయి. అప్పుడు రక్తంలో ఆమ్ల క్షార సమతూకం చెడి, పొటాషియం బయటికి పోతుంది. ఎలక్ట్రోలైట్ ఇవ్వాలనుకుంటే ఎండ ఎక్కువున్న వేళల్లోనే, ప్యాకెట్ మీది మోతాదులోనే ఇచ్చి, రాత్రికి మామూలు నీళ్లు పెట్టండి.

నమూనా, రిపోర్టు

కలిపిన ప్రతిసారీ అరకిలో ఫీడ్ తీసి, తేదీ, వాడిన సరుకు బ్యాచ్ నంబర్లు రాసి, ఆ కోళ్లు అమ్ముడయ్యేదాకా దాచండి. కాళ్ల సమస్య వస్తే ఆ నమూనాతో పాటు ప్రాణంతో ఉన్న రెండు మూడు పిల్లలను జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కో, మామునూరు, కోరుట్ల పశువైద్య కళాశాలలకో తీసుకెళ్లి చూపించండి. ఫీడ్ పరీక్షకు పంపేటప్పుడు క్యాల్షియం, మొత్తం భాస్వరం, ఉప్పు, ఇసుక ఈ నాలుగూ అడగండి. పైన చెప్పిన పాళ్లతో సరిగా కలిసిన ప్రీస్టార్టర్‌కు క్యాల్షియం 0.95కు అటూ ఇటూగా, మొత్తం భాస్వరం 0.73 శాతం దగ్గర రావాలి. మనం అనుకున్న 0.45 ఒంటబట్టేది, ల్యాబ్ ఇచ్చేది ఫైటేట్‌తో కలిపి. ఆ 0.73 చూసి ఎక్కువైందని డీసీపీ తగ్గించకండి.